తాబేటి తూకం

పసిపిల్లను త్రాసులో పెట్టి తూచకూడదనేవారు మన పెద్దవాళ్లు. తూస్తే దిష్టి తగులుతుందట! పిల్ల ఒళ్లు చేసిందీ లేనిదీ మొలతాడు బిగువును బట్టి, కాలి కడియం బిగువును బట్టి తెలుసుకోవాలి గానీ, పంచదార తూచినట్టు పిల్లను తూచడమేమిటని కసిరేవారు. అలాంటి మన దేశంలో 1975 అక్టోబరు 2న, గాంధీ జయంతినాడు, అంగన్‌వాడీల పథకం మొదలైంది. పిల్లను తూచి, వచ్చిన బరువును కార్డు మీద చుక్కగా పెట్టి, నెలనెలా ఆ చుక్కల్ని గీతతో కలపడం మెల్లమెల్లగా మన పల్లెటూళ్లకు కూడా అలవాటైంది. అలాంటి కార్డుకు ముందు దారి చూపినవాడు డేవిడ్ మోర్లే అనే ఇంగ్లీషు పిల్లల డాక్టరు, పశ్చిమాఫ్రికాలోని నైజీరియా పల్లెల్లో పనిచేస్తూ. ఆ కార్డు సారమంతా ఒక్క ముక్కలో వుంది. ఇవాళ పిల్ల బరువెంత అన్నది కాదు, గీత ఎటు పోతోందన్నది చూడాలి.

ఇంత ఉపోద్ఘాతమూ పిల్లల కోసం కాదు, తాబేళ్ల కోసం. నవ్వకండి! తాబేటిపిల్లను తూచడానికీ ఒక చరిత్ర వుంది. ఆ చరిత్రలోనూ మనం పిల్లల విషయంలో నేర్చుకున్న పాఠమే వుంది. కాకపోతే మనుషులు దాన్ని నేర్చుకోవడానికి రెండు వందల ఏళ్ల పైన పట్టింది.

మా సంగం వైపు తాబేలంటే కొత్తేమీ కాదు. పెన్నలో ఏరొచ్చి కలిసే చోటు గనకనే ఆ ఊరు సంగమయింది. 2022లో కొత్త బ్యారేజీ వచ్చినా, అంతకు ముందు నుంచీ ఆనకట్టా కాలవలూ చెరువులూ వున్న సీమ అది. నీళ్లు శుభ్రంగా వుంటాయని బావిలో తాబేలును వదలడం మన పల్లెల్లో పాత అలవాటు. చేద దించితే పక్కకు తప్పుకునేది, ఎండెక్కితే రాతి అంచుమీద తల పైకెత్తి కూచునేది. అది ఎంత పెరిగిందీ, ఎన్ని తులాలు తూగిందీ ఎవరూ అడిగిన పాపాన పోలేదు. వుందా అంటే వుంది, అంతే.

మన భాషలో చిక్కేమిటంటే మూడు రకాల ప్రాణులకూ ఒకటే పేరు. బావిలో వుండేదీ తాబేలే. మన నెల్లూరు తీరాన ఇసుకలో గుడ్లు పెట్టిపోయే ఆలివ్ రిడ్లే కూడా తాబేలే. దాని పిల్లలు గుడ్డులోంచి వస్తూనే అమ్మా నాన్నా అనకుండా సముద్రంలోకి పరిగెడతాయి. మూడోది మెట్టనేలల తాబేలు. ముళ్లపొదల్లో, ఎండు గడ్డిలో తిరుగుతుంది. నల్లని డిప్ప మీద ఒక్కో పలకలోనూ పసుపుపచ్చని గీతలు నడుమనుంచి విరజిమ్మినట్టుంటాయి. ఎవరో తీరిగ్గా కూచుని ముగ్గు పెట్టారా అనిపిస్తుంది. అందుకే దానికి నక్షత్ర తాబేలని పేరు. రాయలసీమ మెట్టల్లో అది మన సొంత బిడ్డ. దాని అందమే దాని ప్రాణం మీదికి తెచ్చింది.

తాబేలుకు మనమిచ్చిన గౌరవం తక్కువదేం కాదు. శ్రీకాకుళం పట్నానికి దగ్గర్లోనే శ్రీకూర్మం వుంది. విష్ణుమూర్తిని కూర్మావతారంగా కొలిచే గుళ్లు దేశంలో బహు అరుదు. స్వామి పడమటి ముఖంగా వుంటాడు, గుడికి రెండు ధ్వజస్తంభాలు, స్తంభాల నిండా శాసనాలు. ఆ గుడి ఆవరణలో నక్షత్ర తాబేళ్లను పెంచుతూ వచ్చారు. భక్తులు వాటికి ఆకులూ పళ్లూ పెట్టి దండం పెట్టుకుంటారు. అయితే 2025లో అక్కడ కొన్ని తాబేళ్లు చనిపోవడమూ, వాటి కళేబరాలను కాల్చిన ఆనవాళ్లు బయటపడడమూ పత్రికలకెక్కింది. చదివి ప్రాణం ఉసూరుమంది. దండం పెట్టడం వేరు, కనిపెట్టి చూడడం వేరు. పూజకు ఒక రోజు చాలు, కనిపెట్టి చూడడానికి ప్రతిరోజూ కావాలి.

కనిపెట్టి చూసినవాళ్లు లేకపోలేదు. ఇంగ్లండులో సెల్‌బర్న్ అనే పల్లెలో గిల్బర్ట్ వైట్ అనే మతాచార్యుడుండేవాడు. పెళ్లీ పెటాకులూ లేని మనిషి. ఏ పిట్ట ఎప్పుడు కూసిందీ, ఏ పువ్వు ఎప్పుడు పూసిందీ రాసుకోవడమే ఆయన లోకం. ఆయన మేనత్త తన ఇంట్లో సుమారు నలభై ఏళ్లు ఒక తాబేలును పెంచింది. 1780లో ఆవిడ పోయాక అది ఈయన వాటాకు వచ్చింది. మట్టిలో పడి నిద్రపోతున్నదాన్ని తవ్వి తీసి, గుర్రపుబండిలో ఎనభై మైళ్లు తెచ్చుకున్నాడు. ఆ కుదుపులకు మెలకువ వచ్చిందట పాపం! దాని పేరు తిమోతి. అది తినేదీ, పడుకునేదీ, వాన వస్తుందని ముందే పొదలోకి దూరేదీ అన్నీ రాశాడు. మధ్యమధ్య తూకం కూడా వేసి, బరువును దినచర్యలో టాఁకాడు. ఆరు పౌన్ల పైచిలుకు, అంటే మన లెక్కన మూడు కిలోలు. చలికాలపు నిద్రలో కాస్త తగ్గడం, మళ్లీ మేతకొచ్చాక పుంజుకోవడం. ఒక పెంపుడు తాబేలు బరువును ఏళ్ల తరబడి కాగితం మీద పెట్టడం నాకు తెలిసినంతలో అదే మొదలు. ఇన్ని వివరాలు రాసిన ఆ మహానుభావుడికి తిమోతి మగది కాదు, ఆడదన్న సంగతి మాత్రం తెలియనే లేదు! అది చచ్చిపోయాక తరువాతివాళ్లు డిప్ప చూసి చెప్పారు. ఆడదాని సంగతి అర్థం చేసుకోవడానికి మగవాళ్లకు త్రాసు ఒక్కటీ చాలదు లెండి.

ఆ తర్వాత నూరేళ్లకు పైగా లోకానికి పెద్ద తాబేళ్ల మీదే మోజు. కలకత్తా ఆలీపూర్ జంతు ప్రదర్శనశాలలో 'అద్వైత' అనే మహా తాబేలు 2006 మార్చిలో చనిపోయింది. 250 కిలోల బరువనీ, ఒకప్పుడు రాబర్ట్ క్లైవ్ పెంచుకున్నదనీ చెప్పుకున్నారు. మన హైదరాబాదు నెహ్రూ జంతుశాలలోని 'చాణక్య' 1963లో బాగే ఆమ్ నుంచి అక్కడికి చేరి, 125 ఏళ్ల వయసని అధికారులు చెబుతుండగా 2024 మార్చిలో కన్నుమూసింది. ఇన్ని కిలోలు, ఇన్నేళ్లు అంటూ అందరూ నోళ్లు వెళ్లబెట్టారే గానీ, చిన్నప్పుడు అవి ఎలా పెరిగాయని అడిగినవాళ్లు లేరు.

అడగవలసిన అవసరం చావుల వల్ల వచ్చింది. మొరాకో, టర్కీ లాంటి దేశాల నుంచి ఇంగ్లండుకు లక్షల తాబేళ్లు ఓడలకెక్కేవి. బజారులో కొనుక్కున్న పిల్లలు వాటికి పేర్లు పెట్టుకుని మురిసేవారు. వాటిలో చాలా భాగం మొదటి చలికాలం దాటేవి కావు. 1984లో గానీ ఆ దిగుమతి ఆగలేదు. ఆ రోజుల్లోనే ఆలిఫెంట్ జాక్సన్ అనే పశువైద్యుడు తన దగ్గరికొచ్చిన తాబేళ్లన్నిటినీ కొలిచి, తూచి, ఒక పటం గీశాడు. 1980లో అచ్చయింది. డిప్ప ఇంత పొడుగుంటే బరువు ఇంత వుండాలి, ఇంతకు తగ్గితే ఆ తాబేలును చలినిద్రకు పంపకు, వైద్యం చేయించు అన్నది దాని భావం. డిప్ప చూస్తే ఎప్పుడూ ఒకలాగే వుంటుంది. లోపల ప్రాణి చిక్కి శల్యమైనా పైకి తెలియదు. మన అత్తగారింటి పట్టుచీర లాంటిదన్నమాట! ఆ గుట్టును త్రాసు బయటపెట్టింది.

కానీ ఆ పటం మధ్యధరా తీరపు తాబేళ్లకు చేసినది. మన నక్షత్ర తాబేటికి ఆ అంకెలు పనికిరావు. దాని డిప్ప ఎత్తుగా, గుండ్రంగా వుంటుంది. ఎవరి పిల్లల కొలతలు వాళ్లవి.

పిల్లల సంగతి మరీ సున్నితం. గుడ్డులోంచి వచ్చిన నక్షత్ర తాబేటి పిల్ల రెండు తులాలుంటుందో వుండదో. అంటే ఇరవై గ్రాములనుకోండి. అందులో ఒక్క గ్రాము తగ్గడమంటే యాభై కిలోల మనిషి రెండున్నర కిలోలు తగ్గడంతో సమానం. నీళ్ల పళ్లెంలో దింపితే కడుపారా తాగుతుంది, బరువు పెరుగుతుంది. మూత్రం పోస్తే తగ్గుతుంది. కాబట్టి ఏ ఒక్కనాటి అంకెనూ నమ్మడానికి లేదు. వారానికొకసారి, ఒకే వేళకు, మేతకు ముందు, ఒకే కాటా మీద తూచాలి. నెలకొకసారి డిప్ప పొడుగు కొలవాలి. రెండూ పక్కపక్కన రాయాలి. గీత నెమ్మదిగా పైకి పోతుంటే క్షేమం. వారాల తరబడి కదలకపోతేనో, కిందికి దిగితేనో ఆలోచించాలి. వున్నట్టుండి ఎగబాకినా సంతోషించరాదు. లోపల నీరు చేరినా, రాయి కట్టినా బరువు పెరుగుతుంది.

ఇక్కడే మన ఆడవాళ్లకు ఒక చురక వుంది. పిల్ల బొద్దుగా వుంటే ఆరోగ్యమని మురిసిపోయి, పప్పూ నెయ్యీ కుక్కుతాం కదూ? తాబేటిపిల్లలకూ ఇదే జరిగింది. మాంసకృత్తులెక్కువ పెడితే త్వరగా పెరిగాయి, డిప్ప మీద పలకలు గోపురాల్లా పైకి లేచాయి. చాలాకాలం ఆ తప్పంతా తిండి మీదే మోపారు. 2003లో వియన్నా శాస్త్రజ్ఞులు ఆఫ్రికా తాబేటి పిల్లలను వేరు వేరు గదుల్లో పెంచి చూశారు. పొడిగాలిలో పెరిగిన వాటికి గోపురాలు బాగా లేచాయి, తేమలో పెరిగిన వాటి డిప్ప నునుపుగా వచ్చింది. మాంసకృత్తుల ప్రభావం అంత పెద్దదిగా కనిపించలేదు. త్రాసు చెప్పలేని సంగతి ఇది. రెండింటి బరువూ సరిగ్గానే వుండవచ్చు, ఒకదాని వీపు మాత్రం వంకర. అంకెతోపాటు కన్ను కూడా కావాలి.

అడవిలో ఈ బాధలేవీ లేవు. వానలు పడ్డప్పుడు గడ్డీ పూలూ రాలిన పళ్లూ తిని పెరుగుతుంది, ఎండాకాలం పొదలో ముడుచుకుని ఆగుతుంది. పెరగడం ఎంత సహజమో ఆగడమూ అంతే సహజం. ఏడాది పొడుగునా మేపి పెంచుదామనే తొందర మనుషులది.

ఆ తొందర ఎక్కడికి పోయిందో చూడండి. ఇంట్లో నక్షత్ర తాబేలుంటే అదృష్టమని ఎవరో అన్నారు, బేరం మొదలైంది. సూట్‌కేసులో ఇమిడేది పిల్లే గనక పిల్లలకే గిరాకీ. 2015లో అచ్చయిన ఒక పరిశీలన, మన దేశంలో ఒక్క వ్యాపార కేంద్రం నుంచే ఏడాదికి 55,000కు తక్కువ కాకుండా వీటిని అడవి నుంచి ఎత్తుకుపోతున్నారని లెక్క కట్టింది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వుంది. 2019లో అంతర్జాతీయ వ్యాపారాన్ని దాదాపు పూర్తిగా నిషేధించారు. 2022 సవరణతో దీన్ని పులితో సమానంగా మొదటి షెడ్యూలులో చేర్చారు. 2018 నవంబరులో సింగపూరులో పట్టుబడిన 51 తాబేళ్లను విమానంలో తిరిగి కర్ణాటకకు తెచ్చారు. అలా తిరిగొచ్చిన వాటిని విడిగా వుంచి, పరీక్షించి, తూచి, కోలుకున్నాయని తేలాక గానీ అడవికి పంపరాదు. తాబేటి తూకానికి ఇంతకన్న మంచి ఉపయోగం మరొకటి లేదు.

కనక అక్కల్లారా, మీ అబ్బాయి ఎవరింట్లోనో చూసొచ్చి తనకూ ఒక చుక్కల తాబేలు కావాలని మారాం చేస్తే, దాని తల్లి అడవిలో వుందని చెప్పండి. ఇప్పటికే ఎవరింట్లోనైనా వుంటే రహస్యంగా కాబేజీ ఆకులు మేపకుండా, ఊరి చివర పొదల్లో వదిలెయ్యకుండా, అటవీశాఖ వాళ్లకు కబురు పెట్టించండి. పిల్లవాడికి తూచే సరదా వుంటే వాడినే నిలబెట్టి తూచండి, కార్డు మీద చుక్క పెట్టించండి. దిష్టేమీ తగలదు. దిష్టి తగిలింది పాపం ఆ ముగ్గుల డిప్పకే.