ఆస్ట్రేలియా ఆదివాసులు - రెండు రెఫరెండాలు

రాజ్యాంగాన్ని ఎవరు మార్చగలరని బడిలో అడిగితే, పార్లమెంటు అని మన పిల్లలు జవాబు చెబుతారు. మన దేశానికి ఆ జవాబు సరైనదే. 368వ అధికరణం ప్రకారం ఉభయ సభల్లో ప్రత్యేక మెజారిటీ కావాలి. కొన్ని అంశాలకు సగం రాష్ట్రాల శాసనసభలు కూడా ఒప్పుకోవాలి. జనాన్ని నేరుగా అడగాల్సిన పని లేదు. ఐర్లాండ్, స్విట్జర్లాండ్, ఆస్ట్రేలియా దేశాల్లో అలా కాదు. అక్కడ రాజ్యాంగ సవరణకు ప్రజలు ఓటు వేసి ఆమోదం తెలపాలి. దీన్నే రెఫరెండం అంటారు. ఆస్ట్రేలియాలో రెండుసార్లు ఆ ప్రశ్న ఆదివాసుల గురించే వచ్చింది. అందుకే ఆ చరిత్ర మనకు తెలియాలి.

1901లో అమల్లోకి వచ్చిన ఆస్ట్రేలియా రాజ్యాంగంలో 128వ సెక్షన్ ఈ పద్ధతిని చెబుతుంది. సవరణను ముందు పార్లమెంటు ఆమోదించాలి, తర్వాత ప్రజల ముందు పెట్టాలి. దేశం మొత్తం ఓట్లలో సగానికి మించి 'అవును' రావాలి. అది చాలదు, ఆరు రాష్ట్రాల్లో కనీసం నాలుగింటిలో కూడా మెజారిటీ రావాలి. ఇప్పటిదాకా 45 ప్రతిపాదనలు పెడితే 8 మాత్రమే నెగ్గాయి.

మొదట ఆ రాజ్యాంగంలో ఆదివాసుల ప్రస్తావన రెండుచోట్లే ఉండేది, రెండూ వాళ్లను పక్కనపెట్టేవే. దేశ జనాభాను లెక్కగట్టేటప్పుడు ఆదివాసులను కలపకూడదని 127వ సెక్షన్ చెప్పింది. ఏ జాతి ప్రజల కోసమైనా కేంద్రం ప్రత్యేక చట్టాలు చేయవచ్చు, రాష్ట్రాల్లోని ఆదివాసుల కోసం మాత్రం చేయకూడదని 51వ సెక్షన్ చెప్పింది. దాంతో వాళ్లు ఎక్కడ ఉండాలి, కూలి ఎవరి చేతికి వెళ్లాలి, పిల్లలు ఎవరి దగ్గర పెరగాలి అన్నవి కూడా రాష్ట్రాల చట్టాలే నిర్ణయించేవి. ఈ మాటలను తీసేయాలని ఫెయిత్ బాండ్లర్ వంటివారు పదేళ్లపాటు సంతకాలు సేకరించి, ఊరూరా సభలు పెట్టారు. 1967 మే 27న ఓటింగ్ జరిగింది. నూటికి 90 మందికి పైగా 'అవును' అన్నారు. ఆరు రాష్ట్రాలూ ఒప్పుకున్నాయి.

ఆ రోజే ఆదివాసులకు ఓటుహక్కు వచ్చిందని చాలామంది రాస్తుంటారు. అది నిజం కాదు. కేంద్ర ఎన్నికల్లో ఓటుహక్కు 1962లోనే వచ్చింది. ఇంకో సంగతి కూడా ఉంది. ఆదివాసులు ఎక్కువగా ఉన్న నార్తర్న్ టెరిటరీ వాసులకు 1967లో రెఫరెండం ఓటు లేదు. అది 1977లో వచ్చింది. అంటే తమ గురించి అడిగిన ప్రశ్నకు అక్కడి ఆదివాసులు జవాబు చెప్పలేకపోయారు.

గెలిచాక ఏమైంది? కేంద్రానికి కొత్తగా వచ్చిన అధికారం 1993లో ఆదివాసుల భూమి హక్కును గుర్తించే నేటివ్ టైటిల్ చట్టానికి ఆధారమైంది. అదే అధికారంతో 1997లో ఇంకో చట్టం వచ్చింది. నరిండ్జెరి స్త్రీలు పవిత్రమని చెప్పిన చోట వంతెన కట్టడానికి అడ్డం లేకుండా, ఆ స్థలానికి వారసత్వ రక్షణ చట్టం వర్తించకుండా చేసింది. 1998లో హైకోర్టు దాన్ని కొట్టేయలేదు. ఆ అధికారాన్ని మేలు చేయడానికే వాడాలని రాజ్యాంగంలో ఎక్కడా రాయలేదు మరి.

అందుకే 2017లో ఆదివాసి ప్రతినిధులు ఉలురు దగ్గర సమావేశమై, తమ మాట పార్లమెంటుకు చేరవేసే సంస్థను రాజ్యాంగంలోనే పెట్టాలని కోరారు. ఆ సంస్థ సలహా చెప్పగలదు, చట్టాన్ని ఆపలేదు. 2023 అక్టోబరు 14న దాని మీద ఓటింగ్ జరిగితే సుమారు 60 శాతం 'వద్దు' అన్నారు. ఒక్క రాష్ట్రం కూడా ఒప్పుకోలేదు. ప్రధాన ప్రతిపక్షం వ్యతిరేకించింది. ఆదివాసి సెనేటర్లలోనూ జసింటా ప్రైస్, లిడియా థోర్ప్ వేర్వేరు కారణాలతో 'వద్దు' అన్నారు. అయినా ఆదివాసులు ఎక్కువగా ఉన్న మారుమూల పోలింగ్ కేంద్రాల్లో 'అవును' ఓట్లే ఎక్కువ పడ్డాయి. దేశ జనాభాలో వాళ్లు వందకు నలుగురు కూడా లేరు. ఆ ఓట్లు లెక్కలో కలిసిపోయాయి.

మా ఉద్దేశంలో తేడా ప్రశ్నలోనే ఉంది. 1967లో ఒక అవమానాన్ని చెరిపేయమని అడిగారు, దానివల్ల మెజారిటీ పోగొట్టుకునేది ఏమీ లేదు. 2023లో నిర్ణయాల దగ్గర ఎప్పటికీ ఉండే చోటు అడిగారు.

రెఫరెండం లేని మన దేశంలో మనం ఇంకా భద్రంగా ఉన్నామా? అయిదో షెడ్యూలులోని 7వ పేరా చదవండి. ఆ షెడ్యూలును పార్లమెంటు మామూలు చట్టంతోనే మార్చవచ్చు, 368వ అధికరణం దాకా వెళ్లనక్కర్లేదు. మనల్ని అడగాలన్న నియమం అందులో లేదు. మరోవైపు ఒడిశాలోని నియమగిరిని చూడండి. 2013లో సుప్రీంకోర్టు తీర్పు తర్వాత 12 గ్రామసభలు కూర్చుని బాక్సైట్ గని వద్దన్నాయి, గని ఆగింది. అది రాజ్యాంగ సవరణ కాదు. కానీ అక్కడ ప్రశ్న అడిగింది ఆ కొండ మీద బతికేవాళ్లనే, లెక్కపెట్టింది వాళ్ల మాటనే.

యువతకూ తోటి ఉపాధ్యాయులకూ మేము చెప్పేది ఇదే. ఎవరైనా 'ప్రజలను అడుగుతాం' అంటే ఏ ప్రజలను, ఏ ప్రశ్న అని ముందు అడగండి. అలా అడగడం మన ఊరి గ్రామసభ నుంచే మొదలుపెట్టాలి. తీర్మానం రాసిన కాగితం మీద సంతకం పెట్టేముందు దాన్ని అందరికీ అర్థమయ్యేలా మన భాషలో చదివి వినిపించమనండి.