రైలు ముందా, భవనం ముందా: హైదరాబాదు పశ్చిమ శివారులో మిశ్రమ వినియోగ నిర్మాణాలు, ప్రజా రవాణా

శివారు ప్రాంతంలో ఇళ్లు, కార్యాలయాలు, దుకాణాలు కలగలిసి ఉంటే జనం సొంత వాహనాలను వదలి బస్సు, రైలు ఎక్కుతారన్నది నగర ప్రణాళికా రంగంలో దశాబ్దాలుగా నలుగుతున్న ప్రతిపాదన. కేంద్ర ప్రభుత్వం 2017లో ప్రకటించిన రవాణా ఆధారిత అభివృద్ధి విధానానికి కూడా, స్టేషనుకు నడక దూరంలో సాంద్రమైన మిశ్రమ నిర్మాణాలు ఉండాలన్న ఈ ఆలోచనే పునాది. హైదరాబాదు పశ్చిమ శివారు చరిత్ర దీనిని పరీక్షించడానికి తగిన క్షేత్రం. అక్కడ మిశ్రమ వినియోగమూ వచ్చింది, రైలూ వచ్చింది. అయితే అవి ఒకదానికోసం ఒకటి రాలేదు.

నిజానికి ఆ ప్రాంతంలో రైలు పాతది. వాడి–సికింద్రాబాదు మార్గం 1874లోనే ప్రారంభమైంది. అది లింగంపల్లి, హఫీజ్‌పేటల మీదుగా మాదాపూర్‌కు ఉత్తరాన సాగుతుంది. సైబర్ టవర్స్‌ను ప్రధాని వాజపేయి 1998 నవంబరులో ప్రారంభించినప్పుడు ఈ మార్గానికి 124 ఏళ్లు నిండాయి. అయినా కొత్త నగరం దానిని ఆనుకొని పెరగలేదు. రాతిగుట్టల మధ్య దొరికిన భూమి, జూబ్లీహిల్స్ వైపు రహదారి అనుబంధమే దాని స్వరూపాన్ని తీర్చాయి. 2001లో ఏర్పడిన సైబరాబాదు అభివృద్ధి సంస్థ 2008లో హెచ్.ఎం.డి.ఎ.లో విలీనమయ్యేనాటికి ఈ అమరిక స్థిరపడిపోయింది. 2003లో ఎం.ఎం.టి.ఎస్. రైళ్లు మొదలైనప్పుడు హైటెక్ సిటీ పేరుతో ఒక స్టేషను వెలసింది గాని, సైబర్ టవర్స్‌కు అది రెండు కిలోమీటర్లకు పైగా దూరం. రైలు దిగిన ఉద్యోగికి ఆటోయో కంపెనీ వాహనమో తప్పనిసరి. పేరు ఒకటైనంత మాత్రాన చోటు ఒకటి కాదు.

ఈ ప్రాంత సాంద్రతను నిర్ణయించిన అసలు పత్రం ఏదైనా రవాణా ప్రణాళిక కాదు, 2006 నాటి భవన నిర్మాణ నియమావళి, అంటే జి.ఓ. 86. స్థల వైశాల్యాన్నిబట్టి మొత్తం నిర్మాణానికి ఉండే పరిమితిని అది తొలగించింది. భవనం ఎంత ఎత్తు లేవవచ్చునన్నది ముందున్న రోడ్డు వెడల్పును, చుట్టూ వదిలే ఖాళీ స్థలాన్ని బట్టి తేలుతుంది. స్టేషను ఎంత దగ్గరన్న ప్రశ్నకు ఆ లెక్కలో చోటు లేదు. పైగా నిర్మిత వైశాల్యంలో ఒక నిష్పత్తి మేరకు వాహనాల నిలుపుదలకు స్థలం కేటాయించడం తప్పనిసరి. అంటే ఒకే ఆవరణలో దుకాణం, కార్యాలయం, నివాసం ఉన్నా, వాటి కింద కార్ల అంతస్తులు కూడా చట్టబద్ధంగా నిర్మితమయ్యాయి. బాహ్యవలయ రహదారిలో గచ్చిబౌలి–శంషాబాదు భాగం 2008లో తెరుచుకోవడంతో ఈ ధోరణి మరింత బలపడింది.

ఇందుకు భిన్నమైన క్రమాన్ని స్వీడన్‌లో చూడవచ్చు. స్టాక్‌హోం నగరపాలక సంస్థ 1904 నుంచే శివారు భూములను కొని పెట్టుకుంది. స్వెన్ మార్కెలియస్ నేతృత్వంలోని ప్రణాళికలో రూపొందిన వెలింగ్‌బీ పట్టణానికి భూగర్భ రైలు 1952లో చేరింది, పట్టణ కేంద్రం 1954లో ప్రారంభమైంది. పని, ఇల్లు, అంగడి ఒకే చోట ఉండాలన్నది అక్కడి సూత్రం. నివాసుల్లో సగం మంది అక్కడే పనిచేస్తారని ప్రణాళికాకర్తలు ఆశించారు. ఆ ఆశ నెరవేరలేదు. ఉద్యోగుల్లో అధికులు బయటికే వెళ్లారు, అక్కడి పనులకు బయటివారు వచ్చారు. అయినా రైలు మాత్రం రెండు దిశలా నిండింది. ఇక్కడ గమనించవలసినది ఇదే. మిశ్రమ వినియోగం ప్రయాణాన్ని రద్దు చేసినందువల్ల కాక, స్టేషను చుట్టూ గమ్యాలను పేర్చినందువల్ల ప్రజా రవాణాకు తోడ్పడింది.

హైదరాబాదు మెట్రోలో భూమికి, రైలుకు మధ్య సంబంధం మరో రూపం దాల్చింది. 2008లో మేటాస్ కూటమికి ప్రాజెక్టు దక్కినప్పుడే, రవాణాకన్నా స్థిరాస్తి లాభమే ప్రధానమవుతుందని ఢిల్లీ మెట్రో అధిపతి ఇ. శ్రీధరన్ హెచ్చరించారు. సత్యం కుంభకోణం దరిమిలా ఆ ఒప్పందం రద్దయింది. 2010లో ఎల్ అండ్ టి సంస్థతో కుదిరిన ఒప్పందంలోనూ 269 ఎకరాలలో వాణిజ్య నిర్మాణాలకు అవకాశం ఉంది. భవనం ఇక్కడ రైలుకు ప్రయాణికులను సమకూర్చే సాధనంగా కన్నా, నిధులు సమకూర్చే సాధనంగానే ఎక్కువగా ఊహింపబడింది. ఈ రెండు ఉద్దేశాలు ఒకటి కావు. ఆదాయం కోసం కట్టిన మాల్‌కు కారులో వచ్చే కొనుగోలుదారు కూడా ఆప్తుడే.

అయినప్పటికీ 2019 మార్చిలో హైటెక్ సిటీకి, అదే నవంబరులో రాయదుర్గానికి మెట్రో చేరాక ఆ చివరి స్టేషను రద్దీగా మారింది. ఈ ఫలితాన్ని మిశ్రమ నిర్మాణాల ఖాతాలో వేయడానికి తొందరపడరాదు. నాగోలు నుంచి నేరుగా, ఎల్.బి. నగర్ నుంచి అమీర్‌పేటలో మారి వచ్చే ఉద్యోగికి ఆకర్షణ స్టేషను దగ్గరి కార్యాలయమే గాని, దాని పక్కనున్న అపార్ట్‌మెంటు కాదు. ఇక ఆ అపార్ట్‌మెంటులోనే ఉండి పక్క వీధిలో పనిచేసేవారు నడుస్తారు లేదా ద్విచక్ర వాహనం తీస్తారు. నగరానికి అది మేలే, కాని ఆ మేలు మెట్రో టిక్కెట్ల లెక్కలోకి రాదు. కలయిక ఒకచోట ప్రజా రవాణాకు ప్రయాణికులను తగ్గించవచ్చునన్న ఈ చిక్కును విధాన పత్రాలు అంతగా పట్టించుకోలేదు.

రాయదుర్గం దాటిన తర్వాత పాత క్రమమే పునరావృతమైంది. అక్కడినుంచి శంషాబాదు విమానాశ్రయానికి మెట్రో మార్గం కోసం 2022 డిసెంబరులో శంకుస్థాపన జరిగింది. ప్రభుత్వం మారాక ఆ ప్రతిపాదన పక్కకు వెళ్లింది. 2023 ఆగస్టులో కోకాపేట నియోపోలిస్ స్థలాల వేలంలో ఎకరం ధర 100 కోట్ల రూపాయలు దాటింది. కార్యాలయాలకూ నివాసాలకూ అనువుగా రూపొందిన ఆ స్థలాలను కొన్నవారికి చేరువలో ఉన్నది బాహ్యవలయ రహదారి. మెట్రో మార్గం అప్పటికి రాయదుర్గంలోనే ఆగి ఉంది.