మరపు వేరు, మరిపించడం వేరు

సెప్టెంబర్ 17 దగ్గరపడితే చాలు, సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల్లో పాత తగువు మళ్లీ మొదలవుతుంది. కొందరికి అది విమోచన, కొందరికి విలీనం, ఇంకొందరికి విద్రోహం. 2022లో ఆ రోజుని కేంద్రం విమోచన దినంగా, రాష్ట్రం జాతీయ సమైక్యతా దినంగా జరిపాయి. 2024కల్లా రాష్ట్రం దాన్నే ప్రజాపాలన దినోత్సవం అంది. పేరు మారిన ప్రతిసారీ మనం ఏం గుర్తుంచుకోవాలో, ఏం వదిలేయాలో ఎవరో మన తరఫున తేల్చేస్తున్నారు.

ఒక జాతి నిలబడాలంటే జనం కొన్నిటిని ఉమ్మడిగా మరచిపోవాల్సి ఉంటుందని ఫ్రెంచి చరిత్రకారుడు ఎర్నెస్ట్ రెనాన్ 1882లోనే అన్నాడు. ఆ మాట చదివినప్పుడు నాకు గుర్తొచ్చింది నల్లగొండే.

1946 నుంచి 1951 దాకా సాగిన సాయుధ పోరాటంలో సూర్యాపేట, మిర్యాలగూడ, కోదాడ పక్కనున్న హుజూర్‌నగర్ ముందువరసలో ఉన్నాయి. పార్టీ లెక్క ప్రకారం మూడు వేల గ్రామాలు, పది లక్షల ఎకరాల పంపకం, నాలుగు వేల మంది అమరులు. ఈ అంకెలు ఉపన్యాసాల్లో స్థిరపడిపోయాయి. మరి దళాలకి అన్నం మోసినవాళ్లు, కబుర్లు చేరవేసినవాళ్లు, తుపాకి పట్టిన ఆడవాళ్లు? వాళ్ల మాటలు పుస్తకంగా రావడానికి 1986 దాకా పట్టింది. స్త్రీశక్తి సంఘటన వేసిన ఆ పుస్తకం పేరే ‘మనకు తెలియని మన చరిత్ర’. పోరాటం ఆగాక ఇళ్లకి వెళ్లిపొమ్మన్నారన్న బాధ అందులో వినిపిస్తుంది. సూర్యాపేట తాలూకాలో పుట్టిన మల్లు స్వరాజ్యం ఎమ్మెల్యే అయ్యారు, 2022లో కన్నుమూసేదాకా గట్టిగా మాట్లాడుతూనే ఉన్నారు. అందరికీ ఆ వేదిక దొరకలేదు.

ఇంకో మౌనం కూడా ఉంది. పోలీసు చర్య సమయంలో, ఆ తర్వాత హైదరాబాద్ రాజ్యంలో జరిగిన హత్యల మీద సుందర్‌లాల్ కమిటీ నివేదిక ఇచ్చింది. చనిపోయినవాళ్లు 27 వేల నుంచి 40 వేల దాకా ఉంటారని అంచనా వేసింది. వాళ్లలో ఎక్కువమంది ముస్లింలు. ప్రభుత్వం దాన్ని దశాబ్దాలపాటు బయటపెట్టలేదు. అంతకుముందు రజాకార్లు చేసిన దాడులు మాత్రం ప్రతి సభలో వినిపిస్తాయి. రెండూ జరిగాయి. ఒకటి తలుచుకోవడానికి రెండోది దాచక్కర్లేదు.

మరపు చెడ్డదని నేను అనను. కొడుకుని పోగొట్టుకున్న తల్లి మళ్లీ నాట్లకి వెళ్లిందంటే, కొంతైనా మరవగలిగింది కాబట్టే. అది ఆమె సొంతం. ఏడ్చే పిల్లకి బొమ్మ చూపించి మరిపించడం వేరు. ఆ బొమ్మ పట్టుకున్న చెయ్యి ఇంకొకరిది. ఏటా మారే ఆ పేర్లు నాకు అలాంటి బొమ్మల్లాగే కనిపిస్తాయి.

1948లో పదేళ్ల పిల్లలు ఇప్పుడు తొంభైకి దగ్గరపడ్డారు. మీ ఇంట్లో అలాంటి పెద్దలుంటే ఈ సెప్టెంబర్లో వాళ్ల దగ్గర కూర్చోండి. చెప్తానంటే వినండి, రాసుకోండి. వద్దంటే వదిలేయండి. మరచిపోయే హక్కు కూడా వాళ్లదే.