కండ తగ్గితే కాలేయానికి చేటు

సన్నగా ఉన్నవారి కాలేయంలో కొవ్వు చేరదన్న నమ్మకం ప్రజల్లో బలంగా ఉంది. పొట్ట స్కానింగులో ఫ్యాటీ లివర్ అని తేలినపుడు ‘నేను లావుగా లేను కదా’ అని విస్తుపోయేవారు ఎందరో. అటువంటివారిలో కొందరికి అసలు లోపం కండరాల్లో ఉంటుంది.

ఇన్సులిన్ ప్రభావంతో రక్తంలోని గ్లూకోజును అత్యధికంగా స్వీకరించేవి కండరాలే. కండ తగ్గినా, అది ఇన్సులిన్‌కు సరిగా స్పందించకపోయినా ఆ గ్లూకోజులో కొంత కాలేయానికి మళ్లుతుంది. కాలేయం దానిని కొవ్వుగా మార్చి తనలోనే నిల్వ చేసుకుంటుంది. ఈ కొవ్వు 5 శాతం మించితే ఫ్యాటీ లివర్‌గా పరిగణిస్తారు.

బరువు తూచే యంత్రం ఈ సంగతి చెప్పదు. పుణెకు చెందిన మధుమేహ నిపుణుడు చిత్తరంజన్ యాజ్నిక్, లండన్ వైద్యుడు జాన్ యుడ్కిన్ తమ ఇద్దరి శరీరాలనే ఉదాహరణగా చూపుతూ 2004లో ‘లాన్సెట్’ పత్రికలో ఫొటోతో సహా ప్రచురించారు. ఎత్తుకు తగిన బరువును తెలిపే బాడీ మాస్ ఇండెక్స్ ఇద్దరికీ 22.3. కొవ్వు మాత్రం యుడ్కిన్‌లో 9.1 శాతం, యాజ్నిక్‌లో 21.2 శాతం! భారతీయుల్లో తరచూ కనిపించే దేహతత్వమిది.

వయసుతో కండ, సత్తువ క్షీణించడాన్ని సార్కోపీనియా అంటారు. దీనిని అనుమానించడానికి ఖరీదైన పరీక్షలు అక్కర్లేదు. చేతుల ఊతం లేకుండా కుర్చీలోంచి ఐదుసార్లు లేచి కూర్చోవడానికి 12 సెకన్లు లేదా అంతకు మించి పడితే వైద్యుని సంప్రదించాలని 2019 నాటి ఆసియా నిపుణుల మార్గదర్శకాలు సూచిస్తున్నాయి.

ఫ్యాటీ లివర్ ఉన్నవారికి ‘బరువు తగ్గండి’ అన్న ఒక్క సలహా చాలదు. పస్తులుండి తగ్గితే కొవ్వుతోపాటు కండా కరుగుతుంది. నడకకు తోడు వారానికి రెండు రోజులైనా గుంజీళ్లు, బరువులెత్తడం వంటి వ్యాయామాలు అవసరం. బరువు తగ్గకపోయినా వీటివల్ల కాలేయంలోని కొవ్వు కొంత తగ్గుతుంది. కిలో శరీర బరువుకు రోజుకు 0.83 గ్రాముల మాంసకృత్తులు కావాలని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో పేర్కొంది. అంటే 60 కిలోల వ్యక్తికి సుమారు 50 గ్రాములు. అన్నం, చారు, పచ్చడితో సరిపెట్టుకునేవారికి ఇది అందదు. పప్పు, గుడ్లు, పెరుగు, చేపలు తోడవ్వాలి.

వ్యాధి ముదిరి కాలేయం గట్టిపడితే కండ మరింత వేగంగా క్షీణిస్తుంది. రక్తంలోని అమ్మోనియాను తొలగించడంలో కాలేయానికి తోడ్పడేది కండరమే కనుక అది తగ్గిన కొద్దీ రోగి మగతలోకి జారే ప్రమాదం పెరుగుతుంది. ఇటువంటివారికి మాంసకృత్తులు మాన్పించే పాత పద్ధతిని వైద్యులు ఇప్పుడు సమర్థించడం లేదు. మూత్రపిండాల జబ్బు కూడా ఉన్నవారు మాత్రం ఎంత తినాలో వైద్యుని అడిగి నిర్ణయించుకోవాలి.