లెక్కకు అందని చదువు: ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతాల్లో బడి వెలుపలి విద్య

ఉపోద్ఘాతం

విద్యాచరిత్రను బడుల సంఖ్యతో, ఉత్తీర్ణుల సంఖ్యతో కొలవడం పరిపాటి. కానీ మనిషి నేర్చుకోవడం బడిలో చేరిన నాడు మొదలు కాదు, బడి విడిచిన నాడు ముగియదు. కడప జిల్లాలోని ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతాల్లో ఇల్లు, పొలం, సభ కూడా విద్యాస్థానాలే. ఆ విద్య వ్యాప్తిని, దానికి సమాజం గీసిన హద్దులను కలిపి పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

మన్రో లెక్కలు

1800లో దత్తమండలాలు నిజాం నుంచి ఈస్టిండియా కంపెనీ వశమయ్యాయి. 1807 వరకు వాటికి ప్రధాన కలెక్టరుగా పనిచేసిన థామస్ మన్రో, అనంతర కాలంలో మద్రాసు గవర్నరయ్యాడు. దేశీయ విద్య స్థితిగతులను నివేదించమని 1822లో కలెక్టర్లను ఆదేశించాడు. కడప జిల్లాలో 494 బడులు నమోదయ్యాయి. ఉన్నత విద్యాలయం ఒక్కటీ నమోదు కాలేదు. అయితే ఆ నివేదికే మరొక విషయాన్ని తెలిపింది. పేద బ్రాహ్మణ బాలురు పది, పదహారేండ్ల నడుమ ఇల్లు విడిచి, ఉచితంగా చదువు చెప్పే గురువున్న ఊరికి చేరేవారు. గురువు సైతం సాధారణంగా పేదవాడే. అందువల్ల వారి పోషణ ఊరివారి భిక్షపై ఆధారపడేది. ఉన్నత విద్య భవనం లేకుండానే, ఊరి అన్నంతో సాగింది.

1826 మార్చి 10 నాటి నివేదనలో మన్రో ఈ సమస్యనే ప్రస్తావించాడు. ఇళ్లలో చదువుకునేవారిని కూడా కలిపితే, బడియీడు బాలుర్లో విద్య పొందేవారు మూడోవంతుకు దగ్గరగా ఉంటారని అంచనా వేశాడు. బడులను మాత్రమే లెక్కిస్తే సమాజపు చదువు తక్కువగా కనిపిస్తుందని ఆనాడే గుర్తించినట్లయింది.

కవిలె, చేతిపని

కాలిన్ మెకంజీ సేకరింపజేసిన కడప జిల్లా కైఫియతులు ఈ గృహవిద్యకు మరొక సాక్ష్యం. ఊరి పుట్టుక, చెరువులు, దేవాలయాలు, మాన్యాల వివరాలను గ్రామ కరణాల కవిలెల నుంచి, పెద్దల నోటి నుంచి సేకరించారు. కరణం కొడుకు తండ్రి పక్కన కూర్చొని రాత, లెక్క, భూమి కొలత నేర్చుకొనేవాడు. ఈనాడు ప్రాంతీయ చరిత్రకు ఆధారమైన ఈ సమాచారం అలాంటి శిక్షణ ఫలితమే.

చేతిపనులదీ ఇదే పద్ధతి. ప్రొద్దుటూరు బంగారు పనిలో, జమ్మలమడుగు ప్రాంతపు మగ్గం గుంటలో, పులివెందుల ప్రాంతపు చీనీ తోటలో కన్ను, చేయి కలిసి నేర్చుకుంటాయి. జంబేరి మొక్కపై చీనీ మొగ్గను అంటుకట్టే నేర్పు చెబితే వచ్చేది కాదు. చేసేవారి పక్కన నిలబడితే వచ్చేది. నీరు తగ్గి బిందుసేద్యం వచ్చినప్పుడు అనుభవజ్ఞుడైన రైతు కూడా మళ్లీ విద్యార్థి కావలసి వచ్చింది.

సభయే పాఠశాల

ప్రొద్దుటూరులో ‘శ్రీ శివభారతం’ కర్త గడియారం వేంకటశేషశాస్త్రి, ‘రాణాప్రతాపసింహ చరిత్ర’ కర్త దుర్భాక రాజశేఖర శతావధాని జంటగా అవధానాలు చేశారు. సమస్య, దత్తపది, నిషిద్ధాక్షరి వంటి అంశాల్లో పృచ్ఛకుడు ప్రశ్నిస్తాడు, అవధాని పూరిస్తాడు, సభ తీర్పు చెబుతుంది. పద్యం నిలిచిందో లేదో పసిగట్టడానికి శ్రోతకు ఛందస్సు చెవికి అలవడాలి. ఆ అలవాటు సభల్లోనే ఏర్పడింది. ఈ ఊళ్లోనే ఉపాధ్యాయుడిగా పనిచేసిన పుట్టపర్తి నారాయణాచార్యులు పలు భాషలను జీవితాంతం నేర్చుకుంటూ వచ్చారు. ఆయన కావ్యం ‘పెనుగొండ లక్ష్మి’ ఆయన రాసిన విద్వాన్ పరీక్షకే పాఠ్యగ్రంథం కావడం ప్రసిద్ధం. పరీక్ష విద్వత్తును కొంతవరకే కొలవగలదనడానికి ఇంతకు మించిన ఉదాహరణ అరుదు.

హద్దులు

ఈ విద్యను కీర్తించి ఊరుకోవడం చరిత్రకు న్యాయం కాదు. ఊరి భిక్షతో సాగిన ఆ ఉన్నత విద్య ఒక కులానికే పరిమితం. మన్రో కాలపు బడుల్లో బాలికల సంఖ్య స్వల్పం. కవిలె కరణం ఇంటి గడప దాటలేదు. చేతిపని కూడా చాలావరకు కులవృత్తిగానే సంక్రమించింది. దూదేకుల సిద్ధయ్యను శిష్యుడిగా స్వీకరించిన పోతులూరి వీరబ్రహ్మం సంప్రదాయం ఈ గోడను ప్రశ్నించింది. 1990ల ఆరంభంలో పొరుగునున్న నెల్లూరు జిల్లా దూబగుంటలో, అక్షరాస్యతా కేంద్రంలో కూడిన స్త్రీలు తాము చదివిన పాఠం నుంచి సారా వ్యతిరేకోద్యమానికి కదిలారు. 1993లో రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. వయోజనుల చదువు సమాజాన్ని ఎంత దూరం నడిపించగలదో ఆ ఉద్యమం చూపింది.

ముగింపు

పై ఆధారాలను బట్టి బడి వెలుపలి విద్య బడికి ప్రత్యామ్నాయం కాదని, దానికి ముందూ తరువాతా సాగే సామాజిక ప్రక్రియ అని తేలుతోంది. ఆ ప్రక్రియలో పుట్టుకను బట్టి ప్రవేశం నిర్ణయమైనంత కాలం కొందరికే మేలు జరిగింది. బడి తలుపు అందరికీ తెరవడం ఆధునిక విద్య సాధించిన విలువైన మార్పు. నేర్చుకోవడం జీవితాంతం సాగేలా ఇల్లు, పొలం, సభ తమ పాత్రను నిలుపుకోవడం ఇక మిగిలిన బాధ్యత. ప్రాంతీయ విద్యాచరిత్ర రచన ఈ రెండింటినీ కలిపి లెక్కించినప్పుడే సమగ్రమవుతుంది.