గద్వాల తాలూకా, చట్టంలో ఒక పంక్తి

కృష్ణా తుంగభద్రల నడుమనున్న నేలను నడిగడ్డ అంటారు. దానికి పడమటి అంచున, నేటి కర్ణాటక సరిహద్దు సమీపాన ఉన్నది గట్టు. ఈ ప్రాంతపు చరిత్ర అనగానే చాలామందికి గద్వాల సంస్థానం, అక్కడి విద్వత్సభలు, ఇంకొంచెం ముందుకు వస్తే చీరలు గుర్తుకు వస్తాయి. నాకు మాత్రం 1956 నాటి రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ చట్టంలోని మూడవ సెక్షను గుర్తుకు వస్తుంది.

గద్వాల, ఆలంపూరు తాలూకాలు అంతవరకు హైదరాబాదు రాష్ట్రంలోని రాయచూరు జిల్లాకు చెందినవి. ఆ సెక్షను వాటిని రాయచూరు నుండి వేరుచేసి, గుల్బర్గా జిల్లాలోని కొడంగల్‌తో పాటు, మహబూబ్‌నగర్ జిల్లాలో చేర్చింది. 1956 నవంబరు 1న రాయచూరు మైసూరు రాష్ట్రానికి పోయింది, గద్వాల ఆంధ్రప్రదేశ్‌కు వచ్చింది. దగ్గరి పట్టణం పొరుగు రాష్ట్రంలో పడింది. కొత్త జిల్లా కేంద్రమేమో కృష్ణకు ఆవలి ఒడ్డున, ఎంతో దూరాన.

ఈ గీత గీసినది ఎవరు? 1952లో తొలిసారి ఎన్నికైన లోకసభ, దానితోపాటు రాజ్యసభ. రాజ్యాంగం మూడవ అధికరణం ప్రకారం సరిహద్దులు మార్చే అధికారం పార్లమెంటుదే. రాష్ట్ర శాసనసభ అభిప్రాయం చెప్పవచ్చును, అంతే. ఆ అభిప్రాయానికి కూడా గడువు విధించే వీలును 1955 డిసెంబరులో అయిదవ సవరణ కల్పించింది. అమెరికా రాజ్యాంగం ఇందుకు భిన్నం. ఒక రాష్ట్రపు భూభాగం నుండి కొత్త రాష్ట్రాన్ని ఏర్పరచాలంటే అక్కడ ఆ రాష్ట్ర శాసనసభ సమ్మతి తప్పనిసరి.

ఇక్కడ మరొక సంగతి కూడా చెప్పుకోవాలి. ఈ అధికరణాన్ని ఆమోదించిన రాజ్యాంగ సభలో హైదరాబాదు సంస్థానపు ప్రతినిధులే లేరు. నిజాం పాలన 1948 సెప్టెంబరులో ముగిసింది; గద్వాల రైతు శాసనసభకు వయోజన ఓటు వేసినది 1952లోనే. ఆ ఓటుతో ఏర్పడిన హైదరాబాదు శాసనసభ, బూర్గుల రామకృష్ణారావు ముఖ్యమంత్రిగా ఉండగా, 1955 చివర రాష్ట్రాల పునర్విభజన సంఘపు నివేదికను చర్చించింది. తన రాష్ట్రం ఉండాలా వద్దా అని మాట్లాడి, అయిదేళ్లయినా నిండకుండా రాష్ట్రంతో పాటు తానూ అంతరించిన సభ అది.

శాసనసభల సమ్మతి తప్పనిసరి అయివుంటే భాషా రాష్ట్రాలు అంత త్వరగా ఏర్పడేవి కావని నా నమ్మకం. కొత్త ప్రజాస్వామ్యంలో కేంద్ర చట్టసభకు ఆ బలం అవసరమైంది. అయితే ఒకరికి మేలు చేసిన బలమే మరొకరికి గాయమూ కావచ్చు. 2014 జనవరి 30న ఆంధ్రప్రదేశ్ శాసనసభ విభజన బిల్లును తిరస్కరించింది. ఫిబ్రవరిలో పార్లమెంటు అదే బిల్లును ఆమోదించింది. తెలంగాణవారికి అది న్యాయం, అవతలివారిలో ఎందరికో అన్యాయం. అధికరణం మాత్రం అదే.

2016లో కొత్త జిల్లాల ముసాయిదా వెలువడినప్పుడు అందులో గద్వాల పేరు లేదు. నడిగడ్డ ప్రజలు ఆందోళన చేశారు. ఆ అక్టోబరులో జోగులాంబ గద్వాల జిల్లా ఏర్పడింది, గట్టు అందులో ఒక మండలమైంది. ఈసారి పార్లమెంటు చట్టం అక్కరలేకపోయింది; రాష్ట్ర ప్రభుత్వపు ఉత్తర్వు సరిపోయింది.