నొప్పి ఒకచోట, మూలం మరోచోట: ఫిజియోథెరపీ పుట్టుపూర్వోత్తరాలు

వరంగల్ కొత్తవాడలో గుంట మగ్గం మీద దర్రీ నేసే మనిషిని కాసేపు గమనించండి. కాళ్లు గుంటలో ఆడుతుంటాయి. పేకను దగ్గరకు కొట్టిన ప్రతిసారీ నడుము ముందుకు వంగుతుంది, తల ఇంకాస్త ముందుకు పోతుంది. ఐదు కిలోల దాకా ఉండే ఆ తల బరువును మెడ వెనక కండరాలు పొద్దస్తమానం లాగిపట్టి ఉంచాలి. సాయంత్రానికి మెడ పట్టేయక ఏం చేస్తుంది? ఆ నొప్పికి ‘కరెంటు పెట్టించుకుని’ రావడమే ఫిజియోథెరపీ అనుకుంటాం. అది ఈ వైద్యంలో చిన్న ముక్క మాత్రమే.

నిలబడే తీరును శాస్త్రంగా చూడడం ఓరుగల్లుకు కొత్తేం కాదు. కాకతి గణపతిదేవుని గజసేనాధిపతి జాయప 13వ శతాబ్దం నడుమ రాసిన ‘నృత్తరత్నావళి’ నిలుచునే భంగిమలను, పాదాల కదలికలను విడమరిచి చెబుతుంది. 1213లో వెలసిన రామప్ప గుడి మదనికల శిల్పాలను చూడండి. బరువు ఒక కాలి మీద పడగానే తుంటి పక్కకు జరుగుతుంది. నడుము, భుజం, మెడ వరసగా సర్దుకుంటాయి. అది నాట్యమే, వైద్యం కాదు. కానీ కాలు కదిపితే మెడ దాకా లెక్క మారుతుందని ఆ శిల్పులకు తెలుసు.

వైద్యంగా ఫిజియోథెరపీ దారి వేరు. స్వీడన్‌లో కత్తిసాము నేర్పిన పెర్ హెన్రిక్ లింగ్ 1813లో స్టాక్‌హోమ్‌లో వ్యాయామ సంస్థను స్థాపించి, కసరత్తును చికిత్సగా మలిచాడు. 1894లో ఇంగ్లండ్‌లో నలుగురు నర్సులు మర్దన వృత్తికి గౌరవం నిలబెట్టేందుకు సంఘం కట్టారు. మొదటి ప్రపంచ యుద్ధంలో గాయపడిన సైనికులను మళ్లీ నడిపించే పని ఈ వృత్తిని ఆసుపత్రుల్లో పాదుకొల్పింది.

మన దేశానికి దీన్ని తెచ్చింది పోలియో. 1950ల తొలినాళ్లలో బొంబాయిలో ఆ జబ్బు విరుచుకుపడ్డప్పుడు, ప్రపంచ ఆరోగ్య సంస్థ తోడ్పాటుతో కె.ఇ.ఎం. ఆసుపత్రిలో తొలి ఫిజియోథెరపీ పాఠశాల మొదలైంది. ఒక్కో కండరం బలాన్ని సున్నా నుంచి ఐదు దాకా కొలిచి, చచ్చుబడినదాన్ని పట్టుకుని సాధన చేయించేవారు. ఆ శ్రద్ధ ఎందరో పిల్లలను నిలబెట్టింది. 2014లో భారత్ పోలియో రహిత దేశమైంది. ఇప్పుడు ఫిజియోథెరపీకి వచ్చేవారిలో ఎక్కువమందివి నడుము నొప్పులు, మోకాళ్ల అరుగుదల, పక్షవాతం. వీటికి ఒక్క కండరాన్ని చూస్తే సరిపోదు.

శరీరంతో పాటు మనసునూ బతుకు పరిస్థితులనూ కలిపి చూడాలని 1977లో అమెరికా వైద్యుడు జార్జ్ ఎంగెల్ వాదించాక, నొప్పిని చూసే చూపు మారుతూ వచ్చింది. నిద్ర చాలకపోయినా, దిగులు పట్టుకున్నా అదే నొప్పి ఎక్కువవుతుంది. నిటారుగా బిగుసుకు కూర్చుంటే భంగిమ బాగున్నట్టు కాదు. ఎంత మంచి భంగిమైనా గంటల తరబడి కదలకపోతే బాధే.

అందుకే నేతన్న మెడ నొప్పికి వైద్యం మెడ దగ్గర ఆగకూడదు. కూర్చునే ఎత్తు సరిచూడాలి, మధ్యమధ్యలో లేచి నడిపించాలి, వీపుకూ తుంటికీ బలం పెంచే కసరత్తు ఇంట్లో చేసుకునేలా నేర్పాలి. యంత్రం నొప్పిని కాసేపు తగ్గించవచ్చు. ఒళ్లు బాగుపడాలంటే పని చేసే తీరు మారాలి, మార్చుకునే వెసులుబాటు ఆ మనిషికి దొరకాలి.